పాత స్కూలు బస్సును క్యాంటీనుగా మార్చేటప్పుడు పైమూలల పసుపు లైట్లను ఏం చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఒక విద్యాసంస్థ అమ్మివేసిన ముప్పై సీట్ల బస్సును కొని, కావలి దగ్గర జాతీయ రహదారి పక్కన టిఫిన్ల క్యాంటీను నడపాలని మారుస్తున్నారు. పైకప్పు నాలుగు మూలల్లో ఉన్న పసుపు లైట్లు తలుపు తెరవగానే, తాళం చెవి తీసేసి ఉన్నా, వెలిగి ఆరుతున్నాయి. వాన పడిన తరువాత కుడి ఇండికేటర్ వేస్తే ఆ లైట్లు మసకగా మిణుకుమంటున్నాయి, ఇండికేటర్ కూడా ఉండవలసిన దానికంటే గబగబా కొట్టుకుంటోంది. రెండు మూడు రోజులకొకసారి బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ తీసుకోవడం లేదు. లైట్ల దగ్గర తీగలు కత్తిరించి టేపు చుట్టేస్తే సరిపోతుందని మెకానిక్ అన్నారు. రాత్రిపూట గిరాకీని ఆకర్షించడానికి వాటిని అలాగే ఉంచుకుంటే ఎలా ఉంటుందని మీకు ఆలోచన. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బస్సుల కరెంటు పని చాలాకాలంగా చేస్తున్నవాడిగా నా సమాధానం ఏమిటంటే, ఆ లైట్లను ఉంచకూడదు, అలాగని లైటు దగ్గర తీగ కత్తిరించడమూ కూడదు. వాటికి కరెంటు ఎక్కడ మొదలవుతోందో అక్కడి నుంచి ఊడదీసుకుంటూ రావాలి. మీరు రాసిన లోపాలు నాలుగు వేరువేరుగా కనిపిస్తున్నా నా అంచనాలో వాటికి మూలాలు రెండే.

ముందుగా ఆ లైట్లు బస్సు మీదికి ఎందుకు వచ్చాయో చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమాల్లో విద్యాసంస్థల బస్సులకు ప్రత్యేకమైన షరతులు ఉన్నాయి. బస్సు ముదురు పసుపు రంగులో ఉండాలి, పైభాగం నాలుగు మూలల్లో బయటివైపు పసుపు ఫ్లాషింగ్ లైట్లు ఉండాలి, పిల్లలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అవి వెలుగుతూ ఉండాలి. డ్రైవరు మరిచిపోయినా లైట్లు వెలగాలన్న ఉద్దేశంతో బస్సుకు బాడీ కట్టే బాడీ బిల్డర్లు చాలామంది వాటిని తలుపు దగ్గరి స్విచ్‌కు కలుపుతారు. మీ బస్సులో తలుపు తెరవగానే లైట్లు కొట్టుకోవడం లోపం కాదు, అది తయారుచేసినవారు కోరుకున్న పనే. బడి బస్సులో తలుపు నిమిషం సేపు తెరిచి ఉంటుంది, క్యాంటీనుగా మారుతున్న బండిలో రోజంతా తెరిచి ఉంటుంది, మీకు ఇబ్బంది అక్కడే మొదలైంది.

లెక్క చూడండి. మీ బస్సుకు ఒకే బ్యాటరీ ఉందని రాశారు కనుక అది 12 వోల్టులది. ఒక్కో లైటులో సాధారణంగా 21 వాట్ల బల్బు ఉంటుంది. నాలుగూ కలిసి 84 వాట్లు, అంటే వెలిగిన క్షణంలో 7 ఆంపియర్లు. సగం సేపు వెలిగి సగం సేపు ఆరతాయి కాబట్టి సగటున మూడున్నర ఆంపియర్లు అనుకోండి. ఇంజను ఆపి, ఉదయం టిఫిన్ల వేళ నుంచి సాయంత్రం దాకా పది గంటలు తలుపు తెరిచి ఉంచితే 35 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. వయసు మళ్ళిన బ్యాటరీ అంత పోగొట్టుకున్న తరువాత డీజిల్ ఇంజనును తిప్పలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. పగటి ఎండలో ఆ లైట్లు కొట్టుకుంటున్న సంగతి లోపల పనిచేసేవారికి తెలియదు. కొత్త బ్యాటరీ కొనమని ఎవరైనా సలహా ఇచ్చి ఉంటే, ఈ పని పూర్తయ్యేదాకా కొనకండి.

వాన తరువాతి మిణుకు సంగతి వేరు. పైమూల లైటు బిగించిన చోట రబ్బరు వాషరు ఎండి పగిలిపోతుంది. ఆ సందులోంచి దిగిన నీరు స్తంభం లోపలి నుంచి కిందికి జారి, వెనుక కుడివైపు ఎర్త్ తీగలన్నీ (బల్బు దాటిన కరెంటును బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి పంపే తీగలు) కలిపి బాడీకి బిగించిన బోల్టు మీద నిలుస్తుంది. కావలి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి తోడైతే ఆ బోల్టు కింద తుప్పు, రాగి తీగ మీద పచ్చని చిలుము పేరుకోవడానికి రెండు వానాకాలాలు చాలు. అప్పుడు కుడి ఇండికేటర్ వేస్తే, దాని బల్బు దాటి వచ్చిన కరెంటుకు బాడీలోకి దిగే దారి సరిగా దొరకదు. అదే బోల్టుకు కలిసిన పైమూల లైటు ఎర్త్ తీగ గుండా వెనక్కి ఎక్కి, ఆ బల్బు దాటి, నాలుగు లైట్లను కలిపే తీగలోకి వెళ్ళి, ఎర్త్ బాగున్న మిగతా మూడు లైట్ల ద్వారా బాడీని చేరుతుంది. ఇన్ని బల్బులను వరుసగా దాటుతుంది కనుక అన్నీ మసకగానే వెలుగుతాయి. ఇండికేటర్ బల్బుకు అందవలసిన కరెంటు తగ్గుతుంది, ఒక బల్బు పోయిందని, లైట్లను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ భ్రమపడి వేగం పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. గడియారం పెట్టుకుని లెక్కపెడితే మీది దాటిపోతున్నట్టు తెలుస్తుంది.

మెకానిక్ చెప్పినట్టు లైటు దగ్గర కత్తిరించవద్దని నేను అనడానికి కారణం కూడా ఇదే. కత్తిరించగానే మిణుకు మాయమవుతుంది, పని అయిపోయిందని ఇద్దరూ సంతోషిస్తారు. కానీ పాడైన ఎర్త్ అలాగే ఉంటుంది, ఇండికేటర్, ఆ వైపు వెనుక దీపం నానాటికీ బలహీనపడతాయి, నీరు దిగే రంధ్రం తెరిచే ఉంటుంది, పైకప్పు లోపల తీగ చివర ప్రాణంతోనే ఉంటుంది.

ఈ అంచనా నిజమో కాదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కుడి ఇండికేటర్ వేసి ఉంచి, మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొసను వెనుక కుడి దీపం హోల్డరు ఎర్త్ మీద పెట్టండి. తీగ పొడవు చాలకపోతే ఒక సన్నని తీగ కలుపుకోండి. బల్బు వెలిగిన క్షణంలో మీటరు అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ పాడైనట్టే. ఆ బోల్టును ఊడదీసి, బాడీ ఇనుము మెరిసేదాకా గీకి, తీగను చిలుము లేని ఎర్రటి రాగి కనిపించేదాకా వెనక్కి కత్తిరించి, తీగ చివరకు కొత్త లగ్గు (బోల్టు కింద బిగించే లోహపు కొస) వేసి, నక్షత్రపు వాషరుతో బిగించి, పైన గ్రీజు పూయండి. కొన్నిసార్లు చిలుము ఇన్సులేషను లోపల జానెడు దూరం పాకి ఉంటుంది. అలాంటప్పుడు ఆ ముక్కను పూర్తిగా మార్చడమే మేలు. ఈ ఒక్క పనితో వాన తరువాతి గొడవ, ఇండికేటర్ వేగం రెండూ సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఎవరైనా కుడివైపు ఎల్‌ఈడీ బల్బు పెట్టారేమో చూడండి. పాత ఫ్లాషర్ దానిని కూడా పోయిన బల్బుగానే లెక్కిస్తుంది.

ఇక లైట్లను తీసివేసే పద్ధతి. డ్రైవరు తల పైన ఉన్న చెక్కపలక విప్పితే మీకు మూడు తరాల తీగలు కనిపిస్తాయి. కంపెనీ వేసినది రంగురంగుల తీగలతో, మూతిబిగువు కనెక్టర్లతో శుభ్రంగా ఉంటుంది. బాడీ బిల్డరు వేసినది తరచుగా ఒకే చుట్ట నుంచి తీసిన ఎర్ర తీగ, అన్ని లైట్లకూ అదే రంగు. ఆ తరువాత బడి యాజమాన్యం పిలిపించిన మెకానిక్కులు వేసినది, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు, ఎండకు కరిగి జిగురుగా చేతికి అంటుకునే టేపు. కనుక రంగు చూసి తీగను గుర్తుపట్టే ప్రయత్నం చేయవద్దు. తలుపు స్విచ్‌ను వేలితో నొక్కుతూ వదులుతూ, డాష్‌బోర్డు కింద ఏ ఫ్లాషర్ టిక్కుమంటోందో వినండి. దానికి వచ్చే తీగను టెస్ట్ ల్యాంపుతో (కరెంటు ఉన్నచోట తాకిస్తే వెలిగే చిన్న దీపం) వెనక్కి వెతుక్కుంటూ పోతే ఫ్యూజు దగ్గరికో, నేరుగా బ్యాటరీ దగ్గరికో చేరతారు. తాళం చెవి తీసినా మీ లైట్లు వెలుగుతున్నాయి కనుక ఇగ్నిషన్‌తో సంబంధం లేకుండా కరెంటు తీసుకున్నారన్నది ఖాయం. అక్కడ 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు స్థానంలో మెలిపెట్టిన రాగి పోగు కనిపిస్తే, మిగతా ఫ్యూజులన్నింటినీ కూడా ఒకసారి పరీక్షించండి, ఎందుకంటే అలా చేసిన చేయి ఒక్కచోట ఆగదు.

బ్యాటరీ నెగటివ్ విప్పిన తరువాతే ఆ తీగను దాని మొదలు దగ్గర ఊడదీయాలి. ఆ తరువాత ఫ్లాషర్, తలుపు స్విచ్, లైట్లు, వాటి మధ్య తీగలు బయటికి తీయండి. లాగితే రాని తీగను బలవంతంగా లాగకండి, పక్క తీగల తోలు ఊడిపోతుంది. రెండు చివరలూ కత్తిరించి, ఇన్సులేషను తొడుగు వేసి వదిలివేయవచ్చు, మొదలు దగ్గర కరెంటు లేదు కనుక అది ఇక చచ్చిన తీగే.

తలుపు స్విచ్‌ను ప్రత్యేకంగా ప్రస్తావించడానికి కారణం ఉంది, మీది వంట బండి కాబట్టి ఇది మిగతా అన్నింటికంటే ముఖ్యం. ఆ స్విచ్ మెట్ల దగ్గర, బస్సు నేలకంటే కిందుగా ఉంటుంది. వంట గ్యాసు గాలికంటే బరువైనది, ఎక్కడ కారినా నేల మీదికి దిగి, అక్కడి నుంచి మెట్ల గుంటలోకి పాకి నిలుస్తుంది. ఉదయం మీరు వచ్చి తలుపు తెరవగానే ఆ గుంటలోనే, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందే పాత స్విచ్ చిన్న నిప్పురవ్వ వేస్తుంది. రాత్రంతా రెగ్యులేటర్ సన్నగా కారిన రోజున ఆ రవ్వ ఒక్కటి చాలు. లైట్ల సంగతి నెల తరువాత చూసుకుందామని అనుకున్నా, ఆ స్విచ్‌ను మాత్రం స్టవ్వు బిగించకముందే ఊడదీయండి. స్టవ్వు బల్ల కోసం బాడీకి వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీతో పాటు ఆల్టర్నేటర్ తీగలు కూడా విప్పించడం మరవవద్దు.

లైట్లు ఊడిన చోట నాలుగు పెద్ద రంధ్రాలు, వాటి చుట్టూ ఎండ తగలని కొత్త పసుపు రంగు వలయాలు మిగులుతాయి. చాలామంది ఇక్కడ బాత్‌రూముకు వాడే సిలికాను దట్టించి పని ముగిస్తారు. పూసేటప్పుడు పులిసిన వెనిగర్ వాసన వచ్చే సిలికాను ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, అది ఇనుమును లోపలి నుంచి తినేస్తుంది. రంధ్రం అంచులు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి ఆరనిచ్చి, రంధ్రం కంటే అన్నివైపులా అంగుళం పెద్దదైన రేకు బిళ్ళను పాలీయూరితేన్ సీలెంటు మీద కూర్చోబెట్టి, రివెట్లు కొట్టి, రివెట్ల తలల మీద కూడా సీలెంటు పూయాలి. మన జిల్లాల్లో అసలైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, తుపాను గాలికి నీరు పై నుంచే కాక పక్క నుంచీ కొడుతుంది. అందుచేత సెప్టెంబరు లోపల ఈ పని ముగించి, లోపలి సీలింగు షీటు బిగించకముందే పైపుతో పావుగంట సేపు నీళ్ళు కొట్టి, లోపల ఒక మనిషిని టార్చితో నిలబెట్టి చూసుకోండి. షీటు బిగించిన తరువాత కారితే ఎక్కడ కారుతోందో కనిపెట్టడం గగనం.

లైట్లు ఉంచుకోవాలన్న మీ కోరిక విషయానికి వస్తాను. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 108వ నియమం ప్రకారం వాహనం ముందువైపు ఎరుపు కాంతి, వెనుకవైపు ఎరుపు తప్ప వేరే కాంతి చూపకూడదు. పసుపు కాంతికి మినహాయింపు ఉన్నది ఇండికేటర్లకు, రేవులు, విమానాశ్రయాల వంటి ప్రాంగణాల లోపలే తిరిగే వాహనాల పైదీపాలకు. బడి బస్సుకు ఆ లైట్లను తెచ్చినది దాని ప్రత్యేక షరతే కనుక, బడి బస్సుగా దాని హోదా పోగానే ఆ లైట్లకు ఆధారం పోయింది. చట్టాన్ని పక్కన పెట్టినా, కోవూరు నుంచి టంగుటూరు దాకా ఆ రహదారి మీద పసుపు బండి, కొట్టుకునే పసుపు లైట్లు కనబడితే పిల్లలు దిగుతున్నారని లారీ డ్రైవర్లు కాలు బ్రేకు మీద వేస్తారు. రోజూ రాత్రి అదే చోట ఆ లైట్లు కొట్టుకుంటుంటే, అది ఇడ్లీల బండేలే అనుకోవడం వారికి అలవాటవుతుంది. రేపు నిజంగా బడి బస్సు నిలిచిన చోట ఆ అలవాటు ఎవరి పిల్లల మీదికి వస్తుందో చెప్పలేం. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

యూట్యూబులో అమెరికావారు బడి బస్సులను ఇళ్ళుగా మార్చుకునే వీడియోలు చూసి, బయటివైపు ఎర్ర లైట్లు, వాటి పక్కన లోపలివైపు పసుపు లైట్లు మీ బస్సుకు ఎందుకు లేవని కూడా అడిగారు. అక్కడి ప్రమాణాల ప్రకారం బడి బస్సుకు నాలుగు ఎర్ర లైట్లు, లేదా నాలుగు ఎరుపు, నాలుగు పసుపు కలిపి ఎనిమిది లైట్లు ఉంటాయి. ఆగబోయే ముందు పసుపు, ఆగి పిల్లలను దింపేటప్పుడు ఎరుపు వెలుగుతాయి, ఎరుపు వెలిగితే మిగతా వాహనాలు ఆగి తీరాలి. ఆ బస్సును సొంతానికి మార్చుకున్నవారు ఆ లైట్లను తీసేయడమో, పనిచేయకుండా చేయడమో, కప్పేయడమో చేయాలని అక్కడి చాలా రాష్ట్రాల చట్టాలు చెబుతాయి. అక్కడివారు వాటిని బ్రేకు లైట్లుగా, ఇండికేటర్లుగా మార్చుకునే చిట్కాలు చూపిస్తారు. ముందువైపు ఎర్ర లైటు మన దగ్గర చెల్లదు కనుక ఆ చిట్కాలను యథాతథంగా దింపుకోకండి.

ఆ రంధ్రాలను, తీగల దారిని సక్రమంగా వాడుకునే మార్గం ఒకటుంది. 2.1 మీటర్ల కంటే వెడల్పైన వాహనాలకు పైఅంచుల్లో ముందు తెల్లవి, వెనుక ఎర్రవి, కొట్టుకోకుండా స్థిరంగా వెలిగే హద్దు దీపాలు ఉంటాయి. మీ బస్సుకు అవి లేకపోయినా, పగిలిపోయి ఉన్నా, కొత్తవాటిని ఈ మూలల్లోనే బిగించి, పార్కింగు లైట్ల స్విచ్‌కు కలపవచ్చు. ఎల్‌ఈడీవి తీసుకుంటే కరెంటు ఖర్చు నామమాత్రం. 24 వోల్టులది తెస్తే మసకగా వెలుగుతుంది, లేదా అసలు వెలగదు, కనుక దుకాణంలో 12 అని అడిగి తీసుకోండి. బోర్డు మీద వెలుగు కావాలంటే దానికి వేరే బ్యాటరీ, వేరే ఫ్యూజు పెట్టి, రోడ్డువైపు కన్నుల్లో పడకుండా బోర్డు మీదికే వాలేలా స్థిరమైన తెల్ల లైటు వేయించండి. రంగులు మారుతూ పరుగెత్తే లైట్లు హైవే పక్కన వద్దే వద్దు.

కాగితాల విషయంలో క్రమం ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం సి-బుక్కులో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 2019 సవరణలో వచ్చిన 182-ఎ చెబుతోంది. కాబట్టి ముందు రవాణా శాఖ కార్యాలయంలో విద్యాసంస్థ బస్సు నుంచి మొబైల్ క్యాంటీనుగా తరగతి మార్పునకు, రంగు మార్పునకు, సీట్ల తొలగింపునకు దరఖాస్తు పెట్టి, వారి అనుమతి వచ్చిన తరువాతే రేకు కోయించండి. ఫైనాన్సు బాకీ ఉంటే వారి అంగీకార పత్రం, బీమా కంపెనీకి మార్పు సమాచారం కూడా అవసరమవుతాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) చూసేటప్పుడు లైట్లతో పాటు స్కూల్ బస్ అన్న అక్షరాలు, పిల్లల బొమ్మ, బడి పేరు, ఫోను నంబరు అన్నీ పోయాయా అని చూస్తారు. పసుపు రంగు మిగిలి ఉంటే లైట్లు తీసినా ప్రయోజనం సగమే. బండికి ఎనిమిదేళ్ళు దాటి ఉంటే ఎఫ్‌సీ ఏటేటా చేయించాలి, కనుక ఇప్పుడు సరిగా మూయని రంధ్రం, సరిగా వేయని ఎర్త్ ప్రతి ఏడూ మీ ముందుకు వస్తూనే ఉంటాయి.

ఊడదీసిన లైట్లను పారేయకండి. అద్దాలు పగలకుండా, హోల్డర్లు తుప్పు పట్టకుండా ఉంటే నెల్లూరు ఆటోనగర్‌లో పాత సామాను కొనేవారు తీసుకుంటారు. మన రాష్ట్రంలో బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు మే 15తో ముగుస్తుంది, బళ్ళు తెరిచే లోపు బస్సులన్నీ పరీక్షకు వెళ్ళాలి. ఆ నెల రోజుల్లో పగిలిన పసుపు అద్దం కోసం తిరిగే బడి డ్రైవర్లు చాలామంది ఉంటారు, కాబట్టి ఏప్రిల్ దాకా దాచి అమ్మితే మంచి ధర వస్తుంది. ఫ్లాషర్‌ను మాత్రం అమ్మకుండా మీ టూల్ బాక్సులో ఉంచుకోండి. 12 వోల్టులదే, 84 వాట్లు మోయగలిగినదే కనుక మీ ఇండికేటర్ ఫ్లాషర్ దారిలో ఎక్కడైనా మొరాయిస్తే పిన్నులు సరిపోలాయో చూసుకుని దానినే తగిలించుకోవచ్చు.